పురాణ పునఃకథనం – స్త్రీ దృక్పథం : కొన్ని ప్రశ్నలు

పాత కథను ఆడపాత్ర వైపునుంచి చెప్పినంత మాత్రాన అది స్త్రీవాద రచన అయిపోతుందా? ఆమధ్య నిజామాబాదులో జరిగిన ఒక చిన్న సాహిత్య సమావేశంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులు విన్నాను. ఒక మిత్రుడు, వేల ఏళ్లుగా నోరు నొక్కేసిన పాత్రకు నోరిచ్చాక ఇంకేం కావాలన్నాడు. ఇంకొక మిత్రుడు వెంటనే లేచి, పురాణాలన్నీ భూస్వామ్య భావజాలపు గిడ్డంగులనీ, వాటిని ఎవరి నోట చెప్పించినా వాటికి ఆయుష్షు పోసినట్లేననీ అన్నాడు. సభ రెండుగా చీలింది, టీ వచ్చింది, చర్చ ముగిసింది. నాకు మాత్రం రెండు జవాబులూ రచనను చదవకుండానే చెప్పగలిగినవిగా తోచాయి. మొదటి మిత్రునికి వక్త ఎవరో తెలిస్తే చాలు, రెండవ మిత్రునికి మూలకథ పేరు తెలిస్తే చాలు. నడుమ ఉన్న రచన ఎవరికీ అక్కరలేదు.

నేను బోధన్ ప్రాంతంలో తెలుగు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి గనుక నా ఊరి కథతోనే మొదలుపెడతాను. బోధన్‌ను ఇక్కడివాళ్లు ఏకచక్రపురం అంటారు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఊరు ఇదేనని వాడుక. చరిత్రకారులు చెప్పే పోదన నగరం, అశ్మక రాజ్యం సంగతి ఊళ్లో పదిమందికి కూడా తెలియదు గాని, బకాసురుడు తెలియని పిల్లవాడు లేడు. పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకున్నా నేను ప్రతి ఏడూ తొమ్మిదో తరగతికి ఈ కథ చెబుతాను. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, బండి తోలుకుపోయే ఒక మనిషి, ఇంటికొక వంతు. ఒకప్పుడు బండి అనగానే పిల్లల కళ్లముందు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరిన చెరుకు బండ్లు కదిలేవి. 1937లో పుట్టిన ఆ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పటి పిల్లలకు ఆ బండ్లను కూడా పురాణం చెప్పినట్లే చెప్పాలి.

ఈ బకవధలో మన చర్చకు పనికివచ్చే ఘట్టం ఒకటుంది. వంతు వచ్చిన బ్రాహ్మణుని ఇంట్లో భార్య మాట్లాడుతుంది. ఏదో ఒక మాట అని ఊరుకోదు, చాలాసేపు, తర్కబద్ధంగా, ధర్మశాస్త్రం ఎరిగినదానిలా మాట్లాడుతుంది. నేను పోతాను, నువ్వు ఉంటే పిల్లలను సాకగలవు, నువ్వు పోతే నేను సాకలేను, నీకు మరో భార్య దొరుకుతుంది, నాకు మరో భర్త దొరకడు, ఆడదాన్ని చంపరాదని రాక్షసుడు నన్ను వదిలినా వదలవచ్చు – ఇదీ ఆమె వాదన. తర్వాత కూతురు నోరు విప్పుతుంది. ఎలాగూ ఒకరికి ఇచ్చి పంపివేయవలసిన దాన్నే కదా, ఇప్పుడే పంపండి అంటుంది. వ్యాసభారతంలోనూ, నన్నయ ఆదిపర్వంలోనూ ఈ మాటలున్నాయి.

స్త్రీకి గొంతు ఇవ్వడమే ప్రమాణమైతే ఈ ఘట్టాన్ని మించిన స్త్రీవాద సాహిత్యం లేదనవలసి వస్తుంది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ మగవాడికంటే స్పష్టంగా ఆలోచిస్తారు, మగవాడికంటే ధైర్యంగా మాట్లాడతారు. కాని వాళ్ల తెలివి అంతా ఎందుకు ఖర్చయింది? తాము చావడమే లాభదాయకమని రుజువు చేయడానికి ఖర్చయింది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. భర్త పోతే ఆ సమాజంలో ఆమెకు నిజంగానే దిక్కులేదు. వ్యవస్థ ఏర్పరచిన లెక్కను ఆమె పొల్లు పోకుండా ఒప్పజెప్పింది. గొంతు ఆమెది, మాట వ్యవస్థది. పాతకథల పునఃకథనాలలో సగానికి సగం ఈ కోవలోనివే. సీతచేత తన కన్నీటిని తానే వర్ణింపజేసి, చివరకు ఆమెచేతనే రాముణ్ణి క్షమింపజేసే కథలు నేను చాలా చదివాను. అక్కడ మారింది సర్వనామం ఒక్కటే. ‘ఆమె ఏడ్చెను’ అన్నచోట ‘నేను ఏడ్చాను’ అని రాశారు.

ఇక్కడ మరో సంగతి గమనించాలి. ఆ ఇంట్లో ఏడుపు వినిపించగానే కుంతి లోపలికి వెళ్లి, నాకు ఐదుగురు కొడుకులున్నారు, ఒకణ్ణి పంపుతానంటుంది. ఈ త్యాగాన్ని మెచ్చుకుంటూ నేను పాఠం చెబుతుండగా రెండేళ్లకింద ఒక పిల్ల లేచింది. ఏకచక్రపురానికి రాకముందు లక్క ఇంటి కథ చెప్పి ఉన్నాను. పాండవులు తప్పించుకున్న రాత్రి ఆ ఇంట్లో తిని తాగి పడుకుని ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారు. ఆరు శవాలు కనపడ్డాయి గనుకనే కౌరవులు పాండవులు చచ్చారని నమ్మారు. ఆ పిల్ల అడిగింది: “సార్, ఆమె పేరేంది?”

పేరు లేదు. భారతంలో కుక్కకు సరమ అని పేరుంది, పాముకు తక్షకుడని పేరుంది, ఆ ఆరుగురికీ పేర్లు లేవు. ఎం.ఏ.లో ఆదిపర్వం ప్రత్యేకంగా చదివిన నాకు ఆ ప్రశ్న అంతవరకు తట్టలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ఆ ప్రశ్న మహాశ్వేతాదేవికి తట్టింది. ఆమె బెంగాలీలో రాసిన ‘కుంతి – నిషాది’ కథలో, యుద్ధమైపోయాక ధృతరాష్ట్ర గాంధారులతో అడవిలో ఉంటున్న కుంతి తన జీవితాన్ని తానే తలపోసుకుని పశ్చాత్తాపపడుతూ ఉంటుంది. కర్ణుణ్ణి విడిచినందుకు దుఃఖిస్తుంది. ఇంతవరకే రాసి ఉంటే అది ఒక మంచి కుంతి స్వగతం అయ్యేది. ఈనాటి పునఃకథకులు చాలామంది అక్కడే ఆగుతారు. కాని కట్టెలేరుకునే నిషాద స్త్రీ ఒకతె ఆ మాటలన్నీ వింటూ ఉంటుంది. ఆమె లక్క ఇంట్లో కాలిపోయిన ఆ స్త్రీ కోడలు. నీ పాపాల జాబితాలో మా అత్త లేదేమని అడుగుతుంది. అంతసేపూ పీడితురాలుగా కనిపించిన కుంతి ఆ ఒక్క ప్రశ్నతో పీడకురాలు కూడా అవుతుంది. మగవాళ్ల చేతిలో నలిగిన స్త్రీయే మరొక స్త్రీని బలి ఇచ్చిందన్న సత్యం బయటపడుతుంది. స్త్రీ అన్నది ఏకశిల కాదనీ, కథ ఏ స్త్రీ వైపునుంచి అని అడగకుండా స్త్రీ వైపునుంచి అనడంలో అర్థం లేదనీ ఈ కథ చదివాకే నాకు తెలిసింది. ఇదే రచయిత్రి 1978 నాటి ‘అగ్నిగర్భ’ సంపుటిలోని ‘ద్రౌపది’ కథలో పురాణాన్ని తిరిగి చెప్పనే లేదు. ఒక సంతాల్ ఉద్యమకారిణికి ఆ పేరు పెట్టి, వస్త్రాపహరణాన్ని పోలీసు క్యాంపులోకి తెచ్చింది. అక్కడ అడ్డుపడి చీరలిచ్చే కృష్ణుడు లేడు. పునఃకథనమంటే పాతకథ మొదటినుంచి చివరిదాకా చెప్పడమే కానక్కరలేదు.

ఇక మన ‘విముక్త’ సంగతి. ఈ కథలు 2010లో పుస్తకంగా వచ్చాయి, 2015లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందాయి. ఓల్గా సాధించిందేమిటో మెచ్చుకున్నవాళ్లు కూడా సరిగా చెప్పలేదని నా ఫిర్యాదు. సీత గొంతు వినిపించింది అంటారు. సీత గొంతు మనకు కొత్తా? ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న రామాయణపు పాటల నిండా సీతే ఉంది. శూర్పణఖ తాపసి వేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటే, నేనతని కాలి బొటనవేలు తప్ప చూడలేదని ఆ వేలొక్కటే గీసిన సీత ఆ పాటల్లో ఉంది. పద్నాలుగేళ్లు నిద్రపోయి, తిరిగొచ్చిన భర్తను పరాయి మగాడనుకుని తరిమిన ఊర్మిళ ఉంది. తమ్ముడి తప్పును ముఖంమీద ఎత్తిచూపే అక్క శాంత ఉంది. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఆంగ్లవ్యాసంలో ఈ పాటలను పరిశీలించి, బ్రాహ్మణ స్త్రీల పాటలు వేరు, పొలం పనుల్లో తక్కిన కులాల స్త్రీలు పాడే పాటలు వేరు అని చూపించారు. మొదటి రకం పాటలు రాముణ్ణి వెక్కిరిస్తాయి, నిలదీస్తాయి, కాని ఇంటి కప్పును కూల్చవు. పాట అయిపోగానే పాడినావిడ లేచి వంట చూసుకుంటుంది. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంత ఇరుకులో ఆ మాత్రం గాలి పీల్చుకోవడం చిన్న విషయం కాదు. ఊపిరి పీల్చుకోవడానికీ, తలుపు తెరవడానికీ తేడా ఉందంటున్నాను, అంతే.

‘విముక్త’లో కొత్తది గొంతు కాదు. ఆ గొంతు ఎవరితో మాట్లాడుతున్నదీ అన్నది కొత్త. వాల్మీకి నుంచి విశ్వనాథ దాకా సీత తన మనసు విప్పేది ప్రధానంగా మగవాడి ముందే. నిందించినా, ప్రార్థించినా, శపించినా ఆమె శ్రోత రాముడే. బకవధలోని గృహిణి మాట్లాడింది కూడా భర్తతోనే. ఓల్గా ఈ శ్రోతను మార్చింది. ‘సమాగమం’లో సీత శూర్పణఖతో మాట్లాడుతుంది. ‘మృణ్మయనాదం’లో అహల్యతో, ‘సైకత కుంభం’లో రేణుకతో, ‘విముక్త’లో ఊర్మిళతో మాట్లాడుతుంది. వీళ్లందరూ ఒకరినొకరు కలుసుకోకుండా కావ్యం జాగ్రత్తపడింది. కలిసినా ఒకతె శీలవతిగా, ఇంకొకతె పతితగా, మరొకతె రాక్షసిగా మాత్రమే కలవాలి. ముక్కు చెవులు పోయిన శూర్పణఖ తోట పెంచుకుంటూ సీతకు ఆతిథ్యమిచ్చే ఘట్టంలో జరిగింది కేవలం సానుభూతి ప్రదర్శన కాదు. శీలవతి–రాక్షసి అన్న విభజన ఎవరికి లాభమో ఆ ఇద్దరికీ అర్థమవుతుంది. అహల్య అయితే తప్పు చేసిందా లేదా అన్న విచారణకే ఒప్పుకోవద్దంటుంది. నిర్దోషినని నిరూపించుకోవడం కూడా న్యాయాధిపతి అధికారాన్ని అంగీకరించడమే కదా. చలం ‘సీత అగ్నిప్రవేశం’లో సీత తిరస్కారం ఉగ్రమైనదే. కాని ఆమె దూకింది రావణుని చితిలోకి. ఒక మగవాణ్ణి నిరాకరించడానికి మరొక మగవాని శవం కావలసి వచ్చింది. ఓల్గా సీతకు ఆ అవసరం లేదు.

అయినా ఈ పుస్తకంతో నాకు పేచీ ఉంది. ఊర్మిళ తలుపులు మూసుకుని తనలోకి తాను చూసుకుని అధికారాన్ని గూర్చి, అనుబంధాలను గూర్చి ఆలోచిస్తుంది. ఆమె చేరుకున్న నిర్ణయాలతో నాకు భేదం లేదు. కాని పద్నాలుగేళ్లపాటు ఆ గది గుమ్మం ముందు అన్నం పళ్లెం పెట్టిన దాసి ఎవరు? ఆమె ఎన్నడైనా తలుపు మూసుకుని ఆలోచించుకోగలిగిందా? ఇది గుచ్చి గుచ్చి తప్పుపట్టడం అనుకునేవారుంటే, ఒకసారి మా ఇందూరు జిల్లాకు రమ్మంటాను. ఇక్కడ బడి వదలగానే ఆడపిల్లలు ఇంటికి పోయి తల్లి పక్కన కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకు కత్తిరిస్తూనే పద్యం అప్పజెబుతారు. ‘ఏకాంతం’ అన్న మాటకు ఆ పిల్లలు నాకు అర్థం చెప్పలేకపోయారు. విముక్తిని ప్రధానంగా ఆత్మజ్ఞానంగా చూపించినప్పుడు, దానికి కావలసిన తీరిక ఎవరి శ్రమలోంచి వస్తుందన్న ప్రశ్న రచనలో ఎక్కడో ఒకచోట తగలాలి. 1987లో ‘స్వేచ్ఛ’ నవల రాసిన రచయిత్రికి ఈ ప్రశ్న తెలియదని అనను. పురాణంలోకి వెళ్లేసరికి రాణుల మధ్య, రుషిపత్నుల మధ్య అది జారిపోయింది.

నా అసలు పేచీ మాత్రం ‘సైకత కుంభం’తో. రేణుక ఇసుకతో కుండ చేసి నీళ్లు తెచ్చేది, చిత్రరథుణ్ణి చూసి మనసు చలించగానే కుండ విరిగింది, జమదగ్ని చంపమన్నాడు, పరశురాముడు తల నరికాడు – ఇది అందరికీ తెలిసిన కథ. పాతివ్రత్యమే ఇసుక కుండ లాంటిదన్న స్ఫురణతో ఓల్గా ఆ కథను తిప్పిన తీరు నిజంగా గొప్పది. (కుమ్మరి మొల్ల రామాయణం రాసింది గాని రేణుక కథ రాయలేదు. మట్టి తొక్కి, సారె తిప్పి, ఆవంలో కాల్చే ఇంటిలో పుట్టిందంటారు. పాతివ్రత్యంతో కుండలు తయారవుతాయంటే ఆవిడ ఏమనేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.) కాని ఆ రేణుక ఆశ్రమంలోని రేణుక. మా తెలంగాణ పల్లెలో రేణుక అంటే ఎల్లమ్మ. బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే ఎల్లమ్మ కథలో పరశురాముడు తరుముతుంటే ఆమె మాదిగ ఇంటికి పరుగెత్తి వస్తుంది, తోళ్లు నానబెట్టే లందలో దాక్కుంటుంది. ఆమెతోపాటు దాపు ఇచ్చిన స్త్రీ తల కూడా తెగుతుంది. మళ్లీ బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. ఒకరి తల, మరొకరి మొండెం. ఇంత భయంకరమైన, ఇంత అర్థవంతమైన ప్రతీక ఏ సంస్కృత కావ్యంలో ఉంది?

ఎల్లమ్మ కథకు కేంద్రం స్త్రీ. ఆ కథలో భర్త క్రూరుడనీ, కొడుకు హంతకుడనీ దాపరికం లేదు. బాధంతా ఆమె వైపునుంచే చెప్పబడుతుంది. చెప్పేవాళ్లు, వినేవాళ్లు కింది కులాలవాళ్లు. మన సిద్ధాంతాల ప్రకారం దీనికి అన్ని అర్హతలూ ఉన్నాయి. మరి ఈ కథ నీడలో ఏం జరిగింది? ఎల్లమ్మ పేర, పోచమ్మ పేర దళిత బాలికలను జోగినులుగా మార్చారు. నిజామాబాదు జిల్లా ఆ ఆచారానికి పేరుపడ్డ జిల్లాలలో ఒకటి. దేవతకు పెళ్లి చేసిన పిల్ల ఊరి పెద్దల సొత్తు అయింది. 1980లలో హేమలతా లవణం, ‘సంస్కార్’ కార్యకర్తలు వర్ని ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేయవలసి వచ్చింది. 1988లో నిషేధ చట్టం వచ్చింది. దాపు ఇచ్చిన స్త్రీ తల తీసుకున్న కథ, ఆమె మనుమరాళ్ల శరీరాలు కూడా తీసుకుంది. జమదగ్ని ఇంటి పిల్లలను మాత్రం ఎవరూ జోగినిని చేయలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్ల ప్రవేశపత్రంలో తండ్రిపేరు గడి ఖాళీగా వచ్చింది. తల్లి జోగిని. పక్కనున్న సహోద్యోగి “దేవుని పేరు రాయండి సార్” అని నవ్వాడు. నేను నవ్వలేదని అనుకోవడం నాకు అనుకూలం గాని, నిజంగా నవ్వలేదో లేదో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. తల్లిపేరే రాసి పంపించాను. ఆ పిల్ల మూడేళ్లు నా తరగతిలో ఉంది. ఎల్లమ్మ పండుగ వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు బడికి రాకపోయేది. నేను కారణం అడగలేదు.

అందుకే ‘స్త్రీ కేంద్రం’ అన్న మాట వినగానే నాకు తృప్తి కలగదు. ద్రౌపది పేరుతోనే వచ్చిన యార్లగడ్డ లక్ష్మీప్రసాద్ నవలకు 2009లో అకాడెమీ బహుమతి వచ్చింది. పేరులో ఆమె ఉంది, పుస్తకంలో ఆమె నిండా ఉంది. నాయిక కేంద్రంగా ఉండటమే సరిపోతే అదీ స్త్రీవాద నవలే కావాలి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను నాగరత్నమ్మ 1910లో పూర్తిపాఠంతో అచ్చువేస్తే ప్రభుత్వం నిషేధించింది. అక్కడ రాధ కోరికను దాచుకోలేదన్నదే నేరం. ఆ తెగువకు విలువ ఉంది. కాని ఆ కావ్యంలోనూ ఇల పెళ్లికి ఇల ఇష్టం ఎవరూ అడగరు.

ఇక రెండవ మిత్రుని వాదం. రంగనాయకమ్మ 1974–76 మధ్య ‘రామాయణ విషవృక్షం’ మూడు భాగాలుగా రాసినప్పుడు పురాణంతో రాజీ లేదన్నారు. చెట్టు విషమైనదైతే కొమ్మను అంటుకట్టి లాభం లేదన్నది ఆ వాదం సారం. ఆ పుస్తకం చదివి మేల్కొన్న తరం ముందు నేను చేతులు కట్టుకుంటాను. కాని విషవృక్షం చదివేవాడు అంతకుముందే రామాయణం చదివి, దాన్ని ప్రశ్నించగలిగేంత దూరం వచ్చినవాడు. ఎల్లమ్మ చెట్టు కింద నిలబడ్డ తల్లి అంత దూరం రాలేదు. ఆమె పిల్ల ఇంకా ఆ కథలోనే ఉంది. కథను బయటనుంచి ఖండించేవాళ్లు కావాలి, లోపలనుంచి దారి తీసేవాళ్లు కూడా కావాలి. దళిత స్త్రీలు ఈ పని మొదలుపెట్టారు కూడా. గోగు శ్యామల కథల్లో జోగినిగా మార్చబోయిన కూతుర్ని తండ్రి ఊరి పెద్దలకు ఎదురుతిరిగి చదువుకు పంపే కథ ఉంది. అందులో ఏ దేవతా మాట్లాడదు. ఐనా ఎల్లమ్మ పురాణానికి తెలుగులో వచ్చిన బలమైన సమాధానాలలో అదొకటని నా అభిప్రాయం. 1993లో ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం తెచ్చిన ఉద్యమానికీ, 2003లో ‘నల్లపొద్దు’ తెచ్చిన ఉద్యమానికీ మధ్య జరిగిన వాదోపవాదాలను మన విమర్శ వ్యక్తుల తగాదాగా చూసి పక్కన పెట్టింది. ఆ వాదంలోనే ఈ వ్యాసపు ప్రశ్న ఉంది – ఏ స్త్రీ?

కాబట్టి ఇటువంటి రచన చేతికి వచ్చినప్పుడు ‘ఎవరు చెబుతున్నారు’ అని మాత్రమే అడిగి ఊరుకోవద్దని సాహిత్య విద్యార్థులతో అంటాను. ఆమె ఎవరితో చెబుతున్నది, ఆమె చెబుతుండగా అన్నం వండుతున్నది ఎవరు, మూలకథలో ఆమెను శిక్షించిన నియమం చివరి పేజీలో బతికుందా చచ్చిందా – ఇవి కూడా చూడాలి. రచయితలతో అనవలసింది వేరే ఉంది. రేణుక మీద, సీత మీద ఇంకా ఎన్ని కథలైనా రాయండి. కాని తలలు తారుమారైన ఆ ఉదయం మాదిగ ఇంట్లో ఏం జరిగిందో తెలుగులో రాసిన కథ నా కంటపడలేదు. ఆశ్రమానికి తిరిగిపోయిన శరీరం ఎవరిది? గూడెంలో మిగిలిన మొండేనికి ఎవరి జ్ఞాపకాలున్నాయి? ఆ ఇంటి పిల్లలు ఎవరిని అమ్మా అని పిలిచారు? బైండ్లవాళ్లు కథ చెబుతూ ఈ ఘట్టం దగ్గర జమిడిక జోరు పెంచి త్వరగా దాటిపోతారు. మా ఊళ్లో చెప్పే వృద్ధుణ్ణి ఒకసారి ఆపి ఇదే అడిగాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, “గది మా తాత చెప్పలె పంతులూ” అన్నాడు.